డిప్రెషన్ ట్యాబ్లెట్ బ్రాండ్ నుంచి జెనరిక్‌కి మారాలంటే ఏం చూసుకోవాలి, ఎలా మారాలి

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు జెనరిక్‌లో తీసుకుంటున్నాం కదా, ఈ డిప్రెషన్ ట్యాబ్లెట్ కూడా అందులోనే తీసుకోవచ్చా అని కౌంటర్ దగ్గర ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, అదీ గొంతు బాగా తగ్గించి, పక్కన ఇంకో కస్టమర్ ఉంటే ఆయన వెళ్ళేదాకా అగరుబత్తీల ర్యాక్ చూస్తున్నట్టు నటించి మరీ అడుగుతారు. తీసుకోవచ్చండీ. చాలామందికి మారినట్టు కూడా తెలియదు. ఇబ్బంది పడ్డవాళ్ళ సంగతి కాస్త కదిలించి చూస్తే మాత్రం ఎక్కువగా బయటపడేది మందులో లోపం కాదు, మారిన పద్ధతిలో లోపం. పాతవి అయిపోయాక నాలుగు రోజులు గ్యాప్ ఇచ్చి మొదలుపెట్టడం, పేరు పక్కన చిన్నగా ఉన్న ప్లస్ చూసుకోకపోవడం, నెలకో కంపెనీది వాడటం, ఇలాంటివి. అందుకే పద్ధతి మీదే రాస్తున్నా.

అసలు ముందు ఒక భ్రమ పోవాలి. జెనరిక్ అంటే మందు కనిపెట్టిన కంపెనీ కాకుండా ఇంకో కంపెనీ అదే మందుతో చేసేది. మీరు ఇప్పుడు వాడుతున్న బ్రాండ్ కూడా చాలావరకు జెనరిక్కే. ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు కనిపెట్టింది డెన్మార్క్‌లోని లుండ్‌బెక్ కంపెనీ, అమెరికాలో 2002లో లెక్సాప్రో అని పర్మిషన్ వచ్చింది, మనకి బాగా తెలిసిన నెక్సిటో ఏమో సన్ ఫార్మాది. అంటే అదీ కాపీ మందే, కాకపోతే పేరు పెట్టి, రెప్‌లు డాక్టర్ల చుట్టూ తిరిగి అలవాటు చేసిన కాపీ. ఫ్లూక్సెటిన్ కూడా అంతే, అసలు మందు ఎలై లిల్లీ వాళ్ళ ప్రోజాక్. దాని 40 ఎంజీ జెనరిక్‌ని 2001 ఆగస్టులో అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది ఎవరనుకున్నారు, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్, పైగా 180 రోజులు ఆ జెనరిక్‌ని తనొక్కటే అమ్ముకునే ప్రత్యేక హక్కుతో, ఇండియా కంపెనీకి అలా దొరకడం అదే మొదటిసారి. కాబట్టి అసలుది మాని నకిలీకి మారుతున్నా అనే భయం పెట్టుకోకండి. ఒక జెనరిక్ నుంచి ఇంకో జెనరిక్‌కి మారుతున్నారు, అంతే విషయం.

మన దగ్గర జెనరిక్ అని అమ్మేవి కూడా రెండు రకాలు. ఒకటి జన ఔషధి కేంద్రాల్లో దొరికేది, దాని మీద ఎమ్మార్పీయే తక్కువగా ప్రింట్ అయి ఉంటుంది, బేరం ఉండదు. రెండోది మామూలు షాపుల్లో, జెనరిక్ అని బోర్డు పెట్టిన షాపుల్లో దొరికేది, చాలాసార్లు అది కూడా పెద్ద పేరున్న కంపెనీదే ఉంటుంది కానీ ఎమ్మార్పీ మాత్రం బ్రాండ్‌కి దగ్గర దగ్గరగా వేసి ఉంటుంది, షాపుకి పడేది అందులో చాలా తక్కువ. యాభై శాతం డిస్కౌంట్ అని మురిసిపోయే ముందు అదే మాలిక్యూల్, అంటే లోపలి మందు, అదే పవర్ జన ఔషధిలో ఎంతుందో సుగమ్ యాప్‌లో పేరు కొట్టి చూడండి, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో కూడా అందులోనే కనపడుతుంది. మా షాపు వ్యాపారానికి ఇది మంచి మాట కాదని నాకూ తెలుసు.

నాణ్యత గురించి అందరూ అడుగుతారు కాబట్టి కొంచెం చెప్తా. జెనరిక్‌ని అసలు మందుతో పోల్చి చూసే పరీక్షని బయోఈక్వివలెన్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న కొంతమందికి ఒకసారి ఇది, కొన్నాళ్ళ గ్యాప్‌తో ఒకసారి అది ఇచ్చి గంట గంటకీ రక్తం తీసి మందు ఎంత ఎక్కింది, ఎంత త్వరగా ఎక్కింది చూస్తారు, హైదరాబాద్‌లో కూడా ఈ స్టడీలు చేసే సెంటర్లు ఉన్నాయి. ఇందులో 80 నుంచి 125 శాతం అని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పట్టుకుని జెనరిక్‌లో 20 శాతం మందు తక్కువ ఉండొచ్చట అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అది తప్పు. సగటు ఒక్కటే ఆ గీతల మధ్య ఉంటే చాలదు, ఆ సగటు చుట్టూ ఉండే అనుమానపు పరిధి మొత్తం ఆ రెండు గీతల లోపలే పడాలి, అలా పడాలంటే అసలు తేడా చాలా తక్కువే ఉండాలి. అమెరికాలో మందులకి పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ వాళ్ళు తమ దగ్గరకొచ్చిన 2,070 స్టడీలు కలిపి చూస్తే ఒంట్లోకి ఎక్కిన మొత్తం మందులో సగటు తేడా 3.56 శాతమే వచ్చింది. మన దేశంలో ఈ పరీక్ష తప్పనిసరి అన్న రూల్ 2017లో నీళ్ళలో సరిగ్గా కరగని రకాల మందులకి గట్టిగా పెట్టారు, అంతకుముందు లైసెన్సులు తెచ్చుకున్నవి బోలెడు ఉన్నాయి, అందుకే నేను ఏ ఊరూ పేరూ తెలియని కంపెనీది పది రూపాయలు తక్కువని తీసుకోమని చెప్పను. జన ఔషధికి వచ్చే ప్రతి బ్యాచ్‌నీ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో టెస్ట్ చేయించాకే కేంద్రాలకి పంపుతారు, లేదంటే పెద్ద కంపెనీ జెనరిక్ తీసుకోండి, ఈ రెండిట్లో ఏదైనా పర్లేదు.

ఇక అసలు పని, షీట్ చదవడం. దీనికి టైమ్ పెట్టండి, తొందరపడొద్దు.

మీ పాత ట్యాబ్లెట్ షీట్ వెనక్కి తిప్పండి. బ్రాండ్ పేరుతో మీకు పని లేదు, మందు పేరు చూడండి, 2018 నుంచి రూల్ ప్రకారం ఆ మందు పేరు బ్రాండ్ కంటే రెండు సైజులు పెద్ద అక్షరాల్లో వేయాలి కాబట్టి వెతుక్కోవక్కర్లేదు. ఎస్సిటలోప్రామ్ ఆక్సలేట్ ఐపీ ఈక్వివలెంట్ టు ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, ఇలా ఉంటుంది. ఆ ఆక్సలేట్ చూసి ఇంకేదో కలిపారనుకుంటారు, అది అదే మందు రసాయన ఉప్పు (సాల్ట్) రూపం అంతే, లెక్క చివరన ఉన్న 10 ఎంజీతోనే. ఎస్సిటలోప్రామ్‌కి బదులు సిటలోప్రామ్ ఇస్తే అది అదే మందు కాదు, 10 ఎంజీ ఎస్సిటలోప్రామ్ దాదాపు 20 ఎంజీ సిటలోప్రామ్‌తో సమానం, మొదట్లో ఆ ఎస్ ఉందా లేదా వేలు పెట్టి చూసుకోండి.

రెండోది, ఇదే అన్నిటికంటే ముఖ్యం, పేరు చివర తోక. ప్లస్, ఫోర్ట్, ఎల్ఎస్, ఇలా ఏదైనా ఉంటే అందులో ఇంకో మందు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. మన దగ్గర ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపి రాయడం బాగా ఎక్కువ, నెక్సిటో ప్లస్ అలాంటిదే. క్లోనజెపామ్ ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే రకం, నెలల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. ఇప్పుడు ఒకాయన షీట్‌లోంచి రెండు మాత్రల ముక్క కత్తిరించి జేబులో వేసుకుని వస్తాడు, ఆ ముక్క మీద బ్రాండ్ పేరు ఉంది, ప్లస్ అన్నది ఇంట్లో ఉన్న మిగతా ముక్క మీద ఉండిపోయింది. "ఇదే ఇవ్వమ్మా, చవకది ఉంటే చవకదే ఇవ్వు" అంటాడు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ఉత్త ఎస్సిటలోప్రామ్ ఇచ్చేస్తాడు. నాలుగో రోజు ఇంట్లోవాళ్ళు వచ్చి జెనరిక్ పడలేదండీ, రాత్రంతా కూర్చునే ఉంటున్నాడు అంటారు. పడకపోవడం ఏంటి, రెండు మందుల్లో ఒకటి మొత్తానికే మాయమైంది. దయచేసి ముక్క కాకుండా మొత్తం షీట్ తీసుకురండి, లేదా రెండు వైపులా ఫోటో తీసుకురండి.

మూడోది విడుదల పద్ధతి, అంటే ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్, ఎక్స్ఎల్ అని ఉండేవి. ఇవి మందుని కొంచెం కొంచెంగా వదిలే మాత్రలు. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, బ్యూప్రోపియాన్, పారాక్సెటిన్ సీఆర్ వాడేవాళ్ళు ఈ అక్షరాలు అచ్చంగా అవే ఉన్నాయా చూసుకోవాలి, బ్యూప్రోపియాన్‌లో ఎస్ఆర్ వేరు, ఎక్స్ఎల్ వేరు. పారాక్సెటిన్ సీఆర్ 12.5 వాడుతుంటే మామూలు పారాక్సెటిన్ 12.5 అని ఉండదు, అక్కడ 10 ఇస్తారు, ఆ మార్పు డాక్టర్ రాయాలి, షాపువాడు లెక్కకట్టకూడదు. ఇలాంటి మాత్రల్ని విరవకూడదు, నూరకూడదు. డెస్‌వెన్లాఫాక్సిన్ లాంటి వాటిలో మందు అయిపోయాక ఖాళీ డొల్ల మాత్ర ఆకారంలోనే మోషన్‌లో కనపడొచ్చు, జెనరిక్ అసలు కరగలేదని కంగారు పడతారు, అది మామూలే.

మందు పేరు, పవర్, తోక, ఆ రెండక్షరాలు, ఇవన్నీ సరిపోయాక డాక్టర్ దగ్గరికెళ్ళండి. అడగడానికి మొహమాటం ఎందుకో నాకర్థం కాదు. "సార్, నెలనెలా ఖర్చు కష్టంగా ఉంది, మందు పేరుతో రాసివ్వండి" అంటే చాలు. మందు పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది, 2023 ఆగస్టులో ఇంకా గట్టి రూల్ తెచ్చి అదే నెలలో పక్కన పెట్టేశారు. ఇంకో విషయం, డిప్రెషన్ మందులు షెడ్యూల్ హెచ్ కిందివి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సినవి, చీటీలో బ్రాండ్ పేరు ఉంటే డాక్టర్‌ని అడక్కుండా మేము ఇంకో కంపెనీది ఇవ్వకూడదు, లోపల మందు అదే అయినా సరే. ఇస్తున్నారు కదా అంటారా, ఇస్తున్నారు, కానీ రూల్ అది కాదు. అందుకే చీటీలో మందు పేరే రాయించుకుంటే మీకూ మాకూ గొడవ ఉండదు.

టైమింగ్ కూడా డాక్టర్‌తో మాట్లాడండి. నా అభిప్రాయం అడిగితే, ట్రీట్‌మెంట్ మొదలై రెండు మూడు వారాలే అయితే ఇప్పుడే మార్చొద్దు, మందు ఇంకా పట్టుకోలేదు, మార్చాక బాగాలేకపోతే దేనివల్లో తెలుసుకోవడం కష్టం. డోసు పెంచుతున్న వారం, తగ్గిస్తున్న వారం, ఇంట్లో చావో, పెళ్ళో, పరీక్షలేవో ఉన్న వారం కూడా వద్దు. గర్భంతో ఉన్నవాళ్ళు, 25 ఏళ్ళ లోపు పిల్లలు, ఈమధ్యే చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినవాళ్ళు డాక్టర్ చెప్తేనే మారాలి, పక్కన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి.

మారే రోజు పెద్ద తతంగం ఏమీ లేదు. ఈరోజు పాతది వేసుకున్నారు, రేపు అదే టైమ్‌కి కొత్తది అదే పవర్ వేసుకోవాలి. తగ్గించుకుంటూ రావడం, పాతది సగం కొత్తది సగం, రెండు రోజులు ఒంటికి రెస్ట్ ఇవ్వడం, ఇవేవీ అక్కర్లేదు, రెస్ట్ అయితే అసలు వద్దు. అందుకే పాతవి ఒక వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్తవి కొనిపెట్టుకోండి, అక్కడ స్టాక్ లేదనుకోండి వెతుక్కునే టైమ్ ఉంటుంది. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వాడేవాళ్ళకి ఒకటి రెండు రోజులు తప్పినా తెలిసిపోతుంది, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, పిచ్చి కలలు, తల తిప్పితే లోపల కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమనడం. ఫ్లూక్సెటిన్ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి దానికి ఇంత ఉండదు.

కొత్తది మొదలుపెట్టిన రోజే పాత షీట్లు మాత్రల డబ్బాలోంచి తీసేయండి. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. కొత్త మాత్ర రంగు వేరు, సైజు వేరు, పేరు వేరు, దాంతో అమ్మమ్మ దీన్ని కొత్త జబ్బుకి ఇచ్చిన కొత్త మందనుకుని పాతది పొద్దున, కొత్తది రాత్రి వేసేసుకుంటుంది. అంటే డబుల్ డోసు. విపరీతంగా చెమటలు, వణుకు, విరేచనాలు, జ్వరం, కాలు చేయి నిలవకపోవడం లాంటివి కనిపిస్తే రెండు షీట్లూ పట్టుకుని వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. నొప్పులకి ట్రమడాల్ వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కి ముందే చెప్పాలి, రెండూ కలిస్తే ఇదే గొడవ రావొచ్చు.

మొదటి రెండు వారాలు ఫోన్‌లోనో క్యాలెండర్ మీదో రోజూ ఒక్క లైన్ రాసుకోండి, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, మనసు పదికి ఎంత. మార్చడానికి వారం ముందు నుంచే రాయడం మొదలుపెడితే ఇంకా మంచిది, ఎందుకంటే చవక మందు వేసుకుంటున్నాం అన్న అనుమానం లోపల ఉంటే పాత తలనొప్పి కూడా కొత్త మందు ఖాతాలోకి వెళ్ళిపోతుంది. ఇది మనుషులందరికీ ఉండేదే, చదువుకున్నవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ, నెట్‌లో వెతుకుతారు కదా. ముందటి వారం రాత చూస్తే అప్పుడూ అంతే నిద్రపోయారని తెలుస్తుంది. గ్యాప్ వల్ల వచ్చే ఇబ్బందులు మూడు నాలుగు రోజుల్లోనే దబ్బున మొదలవుతాయి, డిప్రెషన్ తిరగబెడితే అది వారాల మీద మెల్లగా దిగుతుంది, స్నానం చేయబుద్ధి కాదు, ఫోన్ ఎత్తబుద్ధి కాదు, ఇంతకుముందు మీకు ఎలా మొదలైందో అలాగే. ఈ రెండిటి తేడా మీ రాతలోనే దొరుకుతుంది, డాక్టర్‌కి అదే చూపించండి.

అలాగని అన్నీ మనసు చేసే మాయ అని కొట్టిపారేసేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. అమెరికాలో వెల్‌బ్యూట్రిన్ ఎక్స్ఎల్ అనే బ్యూప్రోపియాన్ మాత్రకి జెనరిక్‌గా బ్యూడెప్రియాన్ ఎక్స్ఎల్ 300 అని 2006 చివర్లో వచ్చింది, ఇంపాక్స్ తయారీ, టేవా అమ్మకం. మారినవాళ్ళు చాలామంది పనిచేయట్లేదు, తలనొప్పి వస్తుంది అని ఫిర్యాదులు చేస్తే మొదట్లో అది జబ్బు స్వభావమే అన్నారు. అసలు సంగతేంటంటే పర్మిషన్ ఇచ్చేటప్పుడు పరీక్ష చేసింది 150 ఎంజీ మీద, 300 కూడా అలాగే ఉంటుందని లెక్కకట్టేశారు. తర్వాత ఎఫ్‌డీఏ తనే 300 మీద స్టడీ చేయిస్తే సరిపోలలేదు, 2012లో మార్కెట్ నుంచి తీసేశారు. గమనించారా, అది కొంచెం కొంచెంగా వదిలే మాత్ర. అందుకే ఆ రెండక్షరాలున్న మందు అయితే మీకు తేడా అనిపించినప్పుడు గట్టిగానే చెప్పండి, మామూలు ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివాటిలో అంత తేడా రావడం అరుదు. ఇంకో కారణం కూడా ఉండొచ్చు, మాత్రలో మందు కాక కలిపే లాక్టోజ్, రంగు లాంటివి కంపెనీ కంపెనీకి మారతాయి, పాలు పడనివాళ్ళకి పొట్ట ఉబ్బరం, కొందరికి దద్దుర్లు రావొచ్చు. అప్పుడు ఇంకో కంపెనీ జెనరిక్ చూడొచ్చు, మళ్ళీ ఖరీదైనదానికే పోనక్కర్లేదు.

ఒకసారి కుదిరిందా, ఇక ఆ కంపెనీనే పట్టుకోండి. షీట్ మీద తయారుచేసినవారు అని ఉంటుంది, ఆ పేరు ఫోటో తీసి పెట్టుకుని ప్రతిసారీ అదే అడగండి, బిల్లు తీసుకోండి, ముక్కలుగా కాకుండా పూర్తి షీట్ కొనండి, లేకపోతే ఎక్స్‌పైరీ డేట్ ఎవరి ముక్క మీద ఉంటుందో దేవుడికే తెలియాలి. ఈ నెల ఒక కంపెనీ, వచ్చే నెల ఇంకోటి, ఆ పైనెల ఏది చవకైతే అది అని తిరిగితే ఒకవేళ ఇబ్బంది వచ్చినా ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కథ కొంచెం వేరు. అక్కడ డాక్టర్ బ్రాండే కావాలని ప్రత్యేకంగా రాయకపోతే ఫార్మసీ తనంతట తనే జెనరిక్ ఇచ్చేస్తుంది, ఆరెంజ్ బుక్ అని ఎఫ్‌డీఏ జాబితా ఉంది, అందులో ఏబీ రేటింగ్, అంటే అసలు మందుతో సమానం అన్న గుర్తు, ఉంటే మార్చి ఇవ్వొచ్చు. బాటిల్ లేబుల్ మీద తయారీదారు పేరు చిన్నగా ఉంటుంది, అక్కడ అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీ పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రీఫిల్‌కి రీఫిల్‌కి ఆ పేరు మారుతుంటే అదే కంపెనీది తెప్పించమని ఫార్మసిస్ట్‌ని అడగొచ్చు. పిల్లల దగ్గరికి ఇండియా నుంచి వెళ్ళే అమ్మానాన్నలు ఇక్కడి బ్రాండ్ పేరు చెప్తే అక్కడెవరికీ అర్థం కాదు, కాబట్టి మందు పేరుతో, ఇంగ్లీషులో టైపు చేసిన చీటీ, ఒరిజినల్ ప్యాకింగ్, సాధారణంగా 90 రోజులకి మించకుండా మందు, ఇవి పెట్టుకుని వెళ్ళండి. క్లోనజెపామ్ కలిసింది అయితే చీటీ లేకుండా అసలు బయల్దేరొద్దు, అక్కడ అది కంట్రోల్డ్ మందు.

ఎప్పుడైనా మనసు మరీ కిందకి జారిపోయి, బతకాలని లేదు అనే ఆలోచన వస్తే రెండు వారాలు రాసుకుని చూద్దాం అనుకోకండి, అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి, డాక్టర్ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. మందు వల్ల వచ్చిన ఇబ్బంది అని మీకు, మీ డాక్టర్‌కి గట్టిగా అనిపిస్తే మందుల వల్ల వచ్చే ఇబ్బందులు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ వాళ్ళ నెంబర్ 1800-180-3024కి చెప్పొచ్చు, పేషెంట్లు కూడా చేయొచ్చు, డాక్టరే చేయాలని లేదు. వాళ్ళు బ్యాచ్ నెంబర్ అడుగుతారు, కాబట్టి ఆ షీట్ ఖాళీ అయినా చెత్తబుట్టలో వేయకుండా పక్కన పెట్టండి.